రీఫ్ ట్యాంకుకు యూవీ స్టెరిలైజర్: దేనికి పనికొస్తుంది, ఎలా బిగించాలి, ఎంత వేగంతో నడపాలి

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు (కోరల్స్), చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. దాని నీటికి పెట్టే యూవీ స్టెరిలైజర్ చేసే పని ఒక్కటే. తన గొట్టంలోకి నీటితోపాటు కొట్టుకొచ్చిన సూక్ష్మజీవుల డీఎన్ఏను 254 నానోమీటర్ల యూవీ-సీ కాంతితో దెబ్బతీసి, అవి మళ్లీ పెరగకుండా చేస్తుంది. రాతికి అంటుకున్నది, ఇసుకలో దాక్కున్నది, చేప చర్మంలోకి దూరినది ఆ గొట్టం దాకా రాదు కాబట్టి వాటి జోలికి అది పోలేదు. "యూవీ పెట్టాం, ఏమీ తేడా కనపడలేదు" అనే ట్యాంకులను చూస్తే సాధారణంగా రెండే కారణాలు బయటపడతాయి: యూవీకి అందని సమస్యకు యూవీ పెట్టడం, లేదా నీటిని మరీ వేగంగా తోయడం. కాబట్టి వాట్ల సంగతి తర్వాత చూద్దాం.

ముందు సమస్య ఏమిటో తేల్చండి

నీరు పచ్చబడినా, నీటిలో బ్యాక్టీరియాను పెంచడానికి చేసే వోడ్కా లేదా వెనిగర్ డోసింగ్ కాస్త ఎక్కువై పాలు కలిపినట్టు తెల్లబడినా యూవీకి అది తేలిక పని. ఆ జీవులు పగలూ రాత్రీ నీటిలోనే తేలుతుంటాయి. సరిగ్గా నడిచే యూనిట్ ఉంటే రెండు మూడు రోజుల్లో నీరు తేటపడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. అవన్నీ ఒక్కసారిగా చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది. ఆ రోజుల్లో స్కిమ్మర్ (బుడగలతో మలినాలను తీసే పరికరం) ఆపకండి, రాత్రిళ్లు వేవ్‌మేకర్‌ను (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) నీటి పైభాగం బాగా కదిలేలా పైకి తిప్పి పెట్టండి.

ఇసుక మీద ఎర్రటి పొరలా పరుచుకునే సయనో, హెయిర్ ఆల్గే, బ్రయాప్సిస్ (ఇవి రాళ్ల మీద పెరిగే పాచి), అయిప్టేసియా (రాళ్లకు పట్టే చిన్న ఎనిమోన్లు), ఫ్లాట్‌వార్మ్‌లు: వీటికోసం యూవీ కొనకండి, డబ్బు దండగ.

డైనోఫ్లాజెల్లేట్ల (ఒకే కణం ఉండే సూక్ష్మజీవులు, క్లుప్తంగా డైనోలు) విషయం అంత తేలిగ్గా తేలదు. ఇసుక మీద, కోరల్ కొమ్మల మీద గోధుమరంగు జిగురు, దాంట్లోంచి పైకి లేచే దారాలు, దారాల కొసన గాలి బుడగలు, సాయంత్రానికి ఎక్కువై పొద్దునకు సగం మాయం కావడం. ఇవి కనిపిస్తే డైనోలని అనుమానించాలి. తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఆ జిగురును కొంచెం ట్యాంకు నీటితో సహా సిరంజితో పీల్చి, మూత ఉన్న సీసాలో పోసి గట్టిగా కుదపండి. కాగితపు కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి, దిగిన తేట నీటిని గాజు గ్లాసులో పోసి లైటు కింద ఒక గంట ఉంచండి. తేట నీటిలోనే మళ్లీ గోధుమరంగు దారాలు అల్లుకుంటే అవి డైనోలే. విడి కణాలు వడపోతలోంచి జారిపోయి, మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయన్నమాట.

అక్కడితో ఆగకండి, ఏ రకమో చూడండి. 400 రెట్లు పెద్దది చేసి చూపించే మామూలు స్కూల్ మైక్రోస్కోప్ చాలు. నీటిబొట్టు ఆకారంలో ఉండి, మొనను ఒకచోట ఆనించుకుని దాని చుట్టూ గిరగిరా తిరుగుతుంటే అది ఆస్ట్రియోప్సిస్. లైట్లు ఆరాక అది పెద్ద సంఖ్యలో నీటిలోకి లేస్తుంది, అందుకే దాని మీద యూవీ బాగా పనిచేస్తుంది. గుండ్రంగా ఉండే కూలియా మీద కూడా అంతే. కోలగా ఉండి మధ్యలో చుక్క కనిపించే ప్రోరోసెంట్రమ్ కొన్ని ట్యాంకుల్లో లొంగుతుంది, కొన్నింటిలో లొంగదు. ఒకవైపు చిన్న ముక్కులాంటి కొస ఉన్న పెద్ద కణాల యాంఫిడినియం అయితే రాత్రిళ్లు కూడా ఇసుకను వదలదు. దానికి ఎన్ని వాట్ల యూవీ పెట్టినా ఫలితం ఉండదు. సోడియం సిలికేట్ కొద్దికొద్దిగా వేసి డయాటమ్‌లను (ఒక రకం ఆల్గే) పెంచి, వాటితో పోటీ పెట్టించడం కాస్త పనిచేసే దారుల్లో ఒకటి. ఈ ఒక్క చూపుతో మీ ఖర్చు మిగలవచ్చు, కాబట్టి మైక్రోస్కోప్ లేకుండా డైనోల కోసం యూవీ కొనడం తొందరపాటే.

ఇక తెల్ల మచ్చల జబ్బు. ఉప్పునీటిలో దీన్ని తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప మీద అది 3 నుంచి 7 రోజులు ఉంటుంది. తర్వాత రాలి ఇసుకకో రాతికో అతుక్కుని గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూడు పగలడానికి మామూలుగా 3 నుంచి 28 రోజులు, ఒక్కోసారి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. పగిలాక బయటికొచ్చే పిల్లజీవులు ఒకటి రెండు రోజులు ఈదగలవు గానీ, చేపను పట్టే సత్తా వాటికి ప్రధానంగా మొదటి ఆరేడు గంటల్లోనే ఉంటుంది. యూవీకి దొరికేది ఆ ఈదే దశ ఒక్కటే. పైగా అవి ఎక్కువగా తెల్లవారుజామున చీకట్లో, చేపలు రాళ్ల మధ్య కదలకుండా పడుకున్న వేళ విడుదలవుతాయి. అంటే అవి యూవీ గొట్టం దాకా రాకముందే పక్కనున్న చేపను అందుకోగలవు. అందుకని యూవీ ఆ జబ్బును నయం చెయ్యదు. నీటిలో వాటి సంఖ్యను తగ్గించి, చేపల ఒంట్లోని రోగనిరోధక శక్తికి కొంత ఊపిరి ఇస్తుంది, అంతే. నయం కావాలంటే చేపలను వేరే ట్యాంకులోకి మార్చి రాగి మందు వాడాలి. రీఫ్ ట్యాంకును చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి, దానికి ఎప్పటినుంచో వాడుకలో ఉన్న గడువు 76 రోజులు. వెల్వెట్ అనే ఇంకో చేపల జబ్బును తెచ్చే అమైలూడినియం విషయంలోనూ ఇదే మాట. పైగా అది చాలా వేగంగా చంపుతుంది కాబట్టి యూవీని నమ్ముకుని రోజులు గడపడం ప్రమాదం.

డోసు, వాట్లు, నీటి వేగం

జీవికి తగిలే కాంతి మొత్తాన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీజూళ్లు అని లెక్కేస్తారు. కొన్ని పెట్టెల మీద మైక్రోవాట్ సెకన్లలో రాస్తారు. దాన్ని 1,000తో భాగిస్తే మిల్లీజూళ్లు వస్తాయి. 90,000 అని ఉంటే 90 అన్నమాట. తేలే ఆల్గే, బ్యాక్టీరియాలకు 30 సరిపోతుంది. పరాన్నజీవులకు 90 కనీసం, 180 దాటితే మంచిది, క్రిప్టోకారియాన్‌కు ఇంకా ఎక్కువ కావాలి.

ఈ డోసు నీటి వేగానికి విలోమం. గంటకు 2,000 లీటర్ల వేగంలో 90 ఇచ్చే యూనిట్, గంటకు 1,000 లీటర్లలో 180 ఇస్తుంది. యూనిట్‌తో ఈ పట్టిక ఇవ్వని కంపెనీ సరుకు కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. "ఇన్ని లీటర్ల ట్యాంకుకు" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఆ అంకెకు విలువ లేదు. పట్టిక ఉన్నా అది కొత్త బల్బుకూ, తేట నీటికీ, శుభ్రమైన గాజుకూ వేసిన లెక్క అని గుర్తుంచుకోండి. ఏడాది చివర్లో బల్బు కాంతి 60 నుంచి 80 శాతానికి పడిపోతుంది కాబట్టి మీకు కావాల్సిన డోసుకు ఒకటిన్నర రెట్లు వచ్చే వేగాన్ని ఎంచుకోవాలి.

మరి వేగం తగ్గించుకుంటూ పోతే సరిపోతుందా? పోదు. ట్యాంకు నీళ్లన్నీ వరుసలో నిలబడి గొట్టంలోకి వెళ్లవు. బయటికొచ్చిన నీరు మళ్లీ పాత నీటిలోనే కలిసిపోతుంది. ట్యాంకు పరిమాణమంత నీరు ఒకసారి గొట్టం దాటేసరికి నిజంగా దాంట్లోంచి వెళ్లింది 63 శాతమే. మూడు రెట్లు దాటితే 95 శాతం. ఆరేడు గంటల్లో చేపను పట్టే జీవిని ఆపాలంటే గంటకు కనీసం ట్యాంకు పరిమాణానికి రెండు మూడు రెట్ల నీరు వెళ్లాలి, ఆ వేగంలోనూ డోసు తగ్గకూడదు. రెండూ కావాలంటే పెద్ద బల్బు తప్పదు. డైనోలకు అంత పరుగు అక్కర్లేదు. రాత్రంతా నీటిలో ఉంటాయి కాబట్టి గంటకు ఒకటి నుంచి మూడు రెట్లు, అందులోనూ తక్కువ వైపు ఉన్నా చాలు.

ఇసుక, రాళ్లు పోగా సంప్‌తో (ఫిల్టర్లు, పంపులు ఉండే కింది ట్యాంకు) కలిపి అసలు నీరు 300 లీటర్లు ఉన్న ట్యాంకును తీసుకుందాం. నీటిని తేటగా ఉంచడమే కావాలంటే 15 నుంచి 18 వాట్లు చాలు. డైనోల కోసం అయితే దాదాపు 11 లీటర్లకు ఒక వాట్ అనే లెక్క వాడుకలో ఉంది, అంటే సుమారు 27 వాట్లు. మార్కెట్లో దానికి దగ్గరగా దొరికేది 25 లేదా 36. నీటి వేగం గంటకు 300 నుంచి 600 లీటర్లు ఉంచండి. పరాన్నజీవుల ఒత్తిడి తగ్గించాలంటే 55 వాట్లు, గంటకు 600 నుంచి 900 లీటర్లు. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. చివరి మాట మీ యూనిట్ పట్టికదే.

కొనకూడనివి

మన ఊళ్లలో వాటర్ ప్యూరిఫయర్ మెకానిక్‌ల దగ్గర పాత 11 వాట్ల యూవీ చాంబర్లు చవగ్గా దొరుకుతాయి. వాటి బాడీ స్టీలు. మంచినీటికి అది బాగానే ఉంటుంది గానీ ఉప్పునీటిలో వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. దాంతో ఇనుము, నికెల్, క్రోమియం నీటిలోకి దిగుతాయి. రొయ్యలు, నత్తలు, కోరల్స్ చేపలకన్నా ముందు దెబ్బతింటాయి. బాడీ ప్లాస్టిక్‌దే అయి ఉండాలి. చెరువుల కోసం చేసిన ప్లాస్టిక్ యూనిట్ కొంటే ఒకసారి విప్పి చూడండి, నీరు తగిలేచోట ఇనుప స్క్రూ, స్ప్రింగ్, క్లిప్ ఏదైనా ఉంటే వద్దు.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు చోక్ మీద రాసింది చదవాలి. 110 వోల్టులు, 60 హెర్ట్జ్ మాత్రమే అని ఉంటే మన 230 వోల్టులకు పెట్టిన వెంటనే మాడిపోతుంది. దానికన్నా ఎక్కువకాలం వేధించేది బల్బు బేస్. 36, 55 వాట్ల పొడవు బల్బులకు ఎక్కువగా 2జి11 అనే నాలుగు పిన్నుల బేస్ ఉంటుంది. 9, 11 వాట్ల చిన్నవాటికి జి23 అనే రెండు పిన్నులది. ఆ రెండూ యూవీ-సీ రకంలో ఇక్కడ దొరుకుతాయి. కంపెనీకే ప్రత్యేకమైన బేస్ అయితే ఏడాది తిరిగాక బల్బు కోసం నెలలు ఎదురుచూడాలి. కొనేరోజే ఒక స్పేర్ బల్బు, ఒక జత ఓ-రింగులు తీసుకోవడం మేలు.

బల్బు చుట్టూ ఉండే గాజు తొడుగు క్వార్ట్జ్‌దే కావాలి. పగిలితే కొలతకు సరిపోయిందని మామూలు గాజు గొట్టం పెట్టకండి. మామూలు గాజు యూవీ-సీని దాటనివ్వదు. బల్బు నీలంగా వెలుగుతూనే ఉంటుంది, గొట్టంలో మాత్రం ఏదీ చావదు.

ఎక్కడ పెట్టాలి

డైనోల కోసమైతే డిస్‌ప్లే ట్యాంకులోంచి (చేపలు, కోరల్స్ ఉండే అసలు ట్యాంకు) నేరుగా పీల్చి డిస్‌ప్లేలోకే వదిలేలా, విడి చిన్న పంపుతో పెట్టండి. సంప్‌లోకి వచ్చే నీరు ఓవర్‌ఫ్లో దువ్వెన (నీరు పొంగి దిగేచోటి పళ్ల అంచు) మీదుగా పైపొర నుంచే వస్తుంది. రాత్రి రాళ్ల మధ్యన లేచే డైనోలు అటు తక్కువగా వెళ్తాయి. పీల్చే గొట్టం ట్యాంకు మధ్య ఎత్తులో, వదిలే గొట్టం అవతలి కొసన ఉండాలి. రెండూ పక్కపక్కనే పెడితే అదే నీరు చుట్టూ తిరుగుతుంది.

మిగిలిన పనులకు సంప్ చాలు. సాక్ (గుడ్డ సంచి) లేదా రోలర్ ఫిల్టర్ తర్వాత, రిటర్న్ పంప్ (నీటిని తిరిగి డిస్‌ప్లేలోకి తోసేది) పైపు నుంచి ఒక కొమ్మ తీసి, దానికి వాల్వ్ పెట్టి యూవీకి ఇవ్వండి. రిటర్న్ పంప్ నీరంతా యూవీలోంచే పంపడం మాత్రం వద్దు. గంటకు 3,000 లీటర్లు తోసే పంపు వెనక 25 వాట్ల యూవీ పెడితే డోసు నామమాత్రం అవుతుంది. వడపోత తర్వాతే యూవీ అన్నది కూడా ముఖ్యం, నలక నీడలో దాక్కున్న జీవికి కాంతి తగలదు. మన కోస్తాలో రొయ్యల హేచరీలు కూడా సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్లు, కార్ట్రిడ్జి ఫిల్టర్లు దాటించాకే యూవీకి పంపుతాయి. విశాఖ, కాకినాడ వైపు తీరం నుంచి నీళ్లు తెచ్చుకుని వాడేవాళ్లకూ ఇదే వరస. మట్టి ఇంకా అడుక్కి దిగని నీటికి యూవీ పెట్టి శుద్ధి అయిందనుకోకూడదు.

రెఫ్యూజియం (ఆల్గేను, చిన్న జీవులను పెంచే విడి అర) ఉంటే దాంట్లోంచి డిస్‌ప్లేకు వెళ్లే దారిలో యూవీ అడ్డం పెట్టకండి. అక్కడ పెరిగే కోపెపాడ్‌లు (చేపలకు మేతయ్యే చిన్న జీవులు) డిస్‌ప్లేకు ప్రాణాలతో చేరాలి కదా. లైవ్ రాక్‌లోని (జీవం పట్టిన రాయి) నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా (అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది) గురించి భయం అక్కర్లేదు. అది రాతినే అంటిపెట్టుకుని ఉంటుంది, నీటిలో తేలేది చాలా తక్కువ.

బిగించే పద్ధతి

1. విప్పి, క్వార్ట్జ్ తొడుగులో పగుళ్లు ఉన్నాయేమో వెలుతురుకు పట్టి చూడండి. బల్బు గాజును వట్టి చేత్తో ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు వేడికి మాడి గాజు మీద మచ్చ కడుతుంది.

2. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. వాసెలిన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి, నెలల్లో లీకవుతుంది. కప్లింగులు చేత్తోనే బిగించండి. పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి.

3. పైపులు కొనేముందు యూనిట్ పోర్టును కొలవండి. 25 మిల్లీమీటర్ల మెట్రిక్ పైపు బయటి కొలత 25, ముప్పావు అంగుళం పైపు బయటి కొలత సుమారు 26.7. షాపులో రెండింటినీ "ముప్పావు" అనే ఇస్తారు. ఒకదాని ఫిట్టింగులో ఇంకోదాన్ని సాల్వెంట్ సిమెంట్ పోసి సర్దితే మొదటిరోజు నిలుస్తుంది, తర్వాత కారుతుంది.

4. యూనిట్‌కు రెండు వైపులా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించగల జాయింట్లు) పెట్టండి. మూడు నెలలకోసారి విప్పాల్సిన వస్తువిది. యూనియన్ లేకపోతే పైపు కోయాలి, అందుకే ఎవరూ విప్పరు. నీరు బయటికి వచ్చే వైపు ఒక వాల్వ్ పెట్టండి. బాల్ వాల్వ్‌తో పని జరుగుతుంది గానీ, వేగం కొద్దిగా మార్చాలంటే గేట్ వాల్వ్ సులువు.

5. పోర్టులు రెండూ పైకి చూసేలా యూనిట్‌ను అడ్డంగా బిగించండి. లోపలి గాలి దానంతట అదే బయటికి పోతుంది. కరెంటు పోయి పైపులు వెనక్కి ఖాళీ అయినా బాడీలో నీరు నిలిచి ఉంటుంది. నిలువుగా పెట్టక తప్పకపోతే నీరు కింది పోర్టులో వచ్చి పై పోర్టులో పోవాలి. లోపల గాలి చిక్కితే ఆ భాగంలో తొడుగు విపరీతంగా వేడెక్కి, ఉప్పు అట్ట కట్టుకుపోతుంది.

6. పోర్టు దగ్గర కనీసం ఒక ఎల్బో ఉండనివ్వండి. నేరుగా పారదర్శకమైన మెత్తటి ట్యూబు తగిలిస్తే లోపలి యూవీ దాన్ని పసుపు పచ్చగా, పెళుసుగా మారుస్తుంది. ఒకరోజు అది విరిగి, సంప్ అంతా నేల మీదికి వస్తుంది.

7. బల్బు వేయకుండా 24 గంటలు పంపు మాత్రమే నడపండి. అతుకుల కింద పొడి టిష్యూ చుట్టి ఉంచితే చుక్క పడినా తెలుస్తుంది. పొడిగానే ఉంటే అప్పుడు బల్బు వెలిగించండి.

వేగాన్ని బకెట్‌తో కొలవండి

పంపు పెట్టె మీద రాసిన అంకె ఎత్తు లేనప్పటిది. పైపులు, మలుపులు, యూవీ బాడీ దాటేసరికి సగానికి పడిపోవడం మామూలే. 10 లీటర్ల గుర్తున్న బకెట్ తీసుకుని, యూవీ నుంచి వచ్చే గొట్టాన్ని ట్యాంకులో ఉండే ఎత్తులోనే పట్టుకుని, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడండి. 36,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 సెకన్లు పడితే 600 లీటర్లు, 40 పడితే 900. కావాల్సిన అంకె వచ్చేదాకా వాల్వ్ తిప్పి, పిడి ఉన్నచోట మార్కర్‌తో గీత పెట్టండి. పంపులో కాల్షియం, పురుగులు పేరుకుని వేగం తగ్గుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఈ కొలత మళ్లీ తీయాలి.

కరెంటు, వేడి

పంపు ఆగితే యూవీ బల్బూ ఆగేలా ఉండాలి. పంపు ఆగి బల్బు వెలుగుతూ ఉంటే బాడీలో నిలిచిన నీరు కాగి, ఆక్సిజన్ లేకుండా కుళ్లుతుంది. పంపు మళ్లీ నడిచినప్పుడు ఆ నీరంతా ట్యాంకులోకి దూకుతుంది. ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్, రిటర్న్ పంప్ పెట్టుకోండి. కరెంటు లేని గంటలో యూవీ లేకపోయినా ఏమీ కాదు. రోజుకు పదిసార్లు వచ్చిపోయే ప్రాంతాల్లో ఒక టైమర్ రిలే పెట్టి, కరెంటు వచ్చిన ఐదు నిమిషాలకు యూవీ వెలిగేలా చేస్తే బల్బు చివరలు త్వరగా నల్లబడవు.

ఎర్త్ ఉన్న ప్లగ్, 30 మిల్లీఆంప్స్ కరెంటు లీకైతే తెగే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఉప్పునీరు, వైరు, పగలగల గాజు ఒకేచోట ఉన్నాయి, దీంట్లో బేరం లేదు. వైరు ప్లగ్ దాకా నేరుగా రాకుండా కిందికి వంగి పైకి లేవాలి. అప్పుడు కారిన నీరు వంపు దగ్గరే చుక్కలుగా పడిపోతుంది.

వాడే కరెంటు దాదాపు అంతా చివరికి వేడే. 55 వాట్ల యూనిట్ 300 లీటర్ల నీటిని, వేడి బయటికి పోయే దారే లేకపోతే, గంటకు సుమారు 0.16 డిగ్రీలు పెంచుతుంది. వానాకాలంలో ఆ తేడా తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో గది 36 డిగ్రీలున్నప్పుడు చిల్లర్ అంచుల మీద నడుస్తుంటే ఇదే నీటిని 28 దాటించవచ్చు. అప్పుడు యూవీని రాత్రి లైట్లు ఆర్పినప్పటి నుంచి పొద్దుటిదాకా నడపండి. డైనోలైనా, తెల్ల మచ్చల పిల్లజీవులైనా నీటిలోకి వచ్చేది ఎలాగూ రాత్రే.

వెలుగుతున్న బల్బును నేరుగా ఒక్క క్షణం కూడా చూడకండి. బాడీ విప్పి "వెలుగుతోందా లేదా" అని తొంగి చూస్తే, ఆ పూటకు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. బల్బు వెలుగుతున్నదీ లేనిదీ తెలియడానికి చాలా యూనిట్లకు కిటికీలాంటి చిన్న భాగమో, కాంతి కనిపించే పోర్టో ఉంటుంది. దాన్నే చూడండి.

డైనోల మీద నడిపే పద్ధతి

మొదట నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి. రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే యూవీ ఎన్ని డైనోలను చంపినా అవి మళ్లీ వస్తాయి. పోషకాలు లేని ట్యాంకులో వాటికి పోటీ ఇచ్చేది ఏదీ ఉండదు. నైట్రేట్‌ను 5 నుంచి 10 పీపీఎం మధ్యకు, ఫాస్ఫేట్‌ను 0.05 నుంచి 0.1 మధ్యకు నెమ్మదిగా తెచ్చి, అక్కడే నిలపండి. జీఎఫ్‌వో (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ఉంటే తీసేయండి. సంప్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, ఆస్ట్రియోప్సిస్ చచ్చేటప్పుడు విషాలు వదులుతుంది. నత్తలు కదలకుండా బోర్లా పడుతున్నాయంటే కార్బన్ మార్చే వేళ అయిందని.

రోజూ లైట్లు ఆరిన అరగంటకు 60 మి.లీ. సిరంజితో రాళ్ల మీద, ఇసుక మీద ఊది ఆ జిగురును లేపండి. యూవీకి మేత పెట్టినట్టు అవుతుంది. మరీ ముదిరితే మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆపి, కిటికీ వెలుతురు పడకుండా ట్యాంకుకు దుప్పటి కప్పండి, యూవీ మాత్రం ఆపకండి. ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌లుండే గట్టి) కోరల్స్ కొంచెం పాలిపోవచ్చు. లైట్లు మళ్లీ వేసేటప్పుడు సగం తీవ్రతతో మొదలుపెట్టండి. ఇసుక తేటపడగానే యూవీ తీసేయడం చాలామంది చేసే తప్పు. కనీసం ఇంకో నెల నడపండి, ఈలోగా మామూలు ఆల్గే రాళ్లను ఆక్రమించుకోవాలి. రాళ్ల మీద కాస్త పచ్చదనం కనిపిస్తే కంగారు పడకండి, ఆ సమయంలో అది మంచి కబురే.

వారం పది రోజుల్లో ఏ మార్పూ లేకపోతే మైక్రోస్కోప్ కింద మళ్లీ చూడండి, బకెట్ పరీక్ష మళ్లీ చేయండి. ఈ రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు గాజు తొడుగు మీద అట్ట కట్టిందేమో చూడండి.

ఎప్పుడు ఆపాలి

బ్యాక్టీరియా సీసా పోసినప్పుడు 48 గంటలు. ఫైటోప్లాంక్టన్, కోరల్ ఆహారం వేసినప్పుడు ఒకటి రెండు గంటలు. హాస్పిటల్ ట్యాంకులో కీలేటెడ్ రాగి (వేరే పదార్థంతో బంధించిన రాగి) వాడుతుంటే చికిత్స పూర్తయ్యేదాకా. యూవీ ఆ బంధాన్ని విడగొట్టి, రాగి మోతాదును ఒక్కసారిగా విషంగా మార్చగలదు. మిగిలిన మందులకూ, సీసా మీద వేరేగా రాసి ఉంటే తప్ప, ఆపడమే నయం.  పంపుతో సహా ఒకరోజు దాటి ఆపితే బాడీలోని పాత నీటిని ట్యాంకులోకి పోనివ్వకుండా బకెట్‌లోకి వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

తొడుగు కడగడం, బల్బు మార్చడం

కాల్షియం, ఆల్కలినిటీ ఎక్కువుండే రీఫ్ నీటిలో వేడి గాజు మీద తెల్లటి అట్ట కడుతుంది. కాల్క్‌వాసర్ (సున్నపు నీరు) వాడే ట్యాంకుల్లో ఇంకా త్వరగా. మూడు నెలలకోసారి ప్లగ్ తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, తొడుగు బయటికి లాగండి. లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెడితే అట్ట బుడగలు వస్తూ కరుగుతుంది. గీతలు పడే స్క్రబ్బర్ వద్దు, మెత్తటి గుడ్డ చాలు. ఆర్‌ఓ నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే బల్బు లోపల పెట్టండి. తొడుగు లోపల తడి ఉంటే సాకెట్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. నీరు పసుపుగా ఉంటే కార్బన్ మార్చండి, ఆ పసుపు యూవీ-సీని బాగా పీల్చేస్తుంది.

బల్బు జీవితం సాధారణంగా 8,000 నుంచి 9,000 గంటలు. రోజంతా నడిపితే 9,000 గంటలంటే 375 రోజులు. నీలం వెలుగు చూసి బాగుందనుకోవద్దు. కంటికి కనిపించే ఆ వెలుగు వేరు, పనిచేసే 254 నానోమీటర్ల కాంతి వేరు. రెండోది తగ్గిపోయినా మొదటిది రెండేళ్లు వెలుగుతుంది. కొత్త బల్బు వేసిన తేదీని టేపు మీద రాసి చోక్‌కు అతికించండి.

తొడుగు, బల్బు రెండూ నీటిలో పగిలితే వెంటనే ప్లగ్ తీసి, యూనియన్ల దగ్గర యూనిట్‌ను విడదీసి, ఆ నీటిని ట్యాంకులోకి పోనివ్వకుండా బయటపెట్టండి. బల్బులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ట్యాంకులోకి చేరిందని అనుమానం ఉంటే పెద్ద మోతాదులో నీరు మార్చి, కార్బన్ కొత్తది వేయండి. అరిగిపోయిన బల్బును చెత్తబుట్టలో వేయకూడదు. పాదరసం ఉన్న బల్బులు మన దేశంలో ఈ-వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే పాతదాన్ని పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి.